ఒక్క మార్కుతో పోయిన బోనస్: వీడియో గేములకు మార్కులు పడ్డ కథ



ఒక్క మార్కుతో సీటు పోయినోళ్లు, కటాఫ్ దగ్గర ఆగిపోయినోళ్లు మన గ్రూపులో చాలామందే ఉన్నారు. మార్కు విలువ ఏందో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఇట్లాంటి ఒక్క మార్కు దెబ్బే అమెరికాలో ఒక వీడియో గేము కంపెనీకి తగిలింది. కాలిఫోర్నియాలోని ఆబ్సిడియన్ అనే కంపెనీ 2010లో ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ అనే గేము తయారు చేసింది. రివ్యూ రాసేవాళ్లు ఇచ్చే మార్కుల సగటు 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84.

ఈ పోస్టులో మేము చెప్పబోయేది ఆ 84 వెనక ఉన్న చరిత్ర. గేములకు మార్కులు వేయడం ఎవరు మొదలుపెట్టారు, ఎవరి కోసం మొదలుపెట్టారు, చివరికి ఆ మార్కు ఎవరి చేతిలో పడింది అన్నది. గేముల ముచ్చట మనకెందుకు అని కొందరు అడగొచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ముందుకు పోతే అలాస్కా ఆదివాసులు వస్తరు, వాళ్ల కోసమే ఇంత పెద్ద పోస్టు రాస్తున్నాం.

1970ల చివర్లో అమెరికాలో టీవీకి తగిలించుకుని ఆడే గేము పెట్టెలు ఇళ్లలోకి వచ్చాయి. వాటిలో పేరున్నది 1977లో వచ్చిన అటారీ పెట్టె. ఒక్కో గేము ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలా ఉండేది, దాన్ని కాట్రిడ్జ్ అంటరు. దుకాణంలో ఆ గేము అట్టపెట్టె మీద రంగురంగుల బొమ్మ ఉంటది. అంతరిక్ష నౌకలు, మంటలు, కండలు తిరిగిన వీరుడు. ఇంటికొచ్చి టీవీలో పెడితే కనిపించేది నాలుగు చదరపు గడులు, ఒక చుక్క. లోపల ఏముందో కొనకముందు తెలిసే దారే లేదు. ఆ ఖాళీలో పుట్టింది గేము రివ్యూ. 1979లో ‘వీడియో’ అనే పత్రికలో ఆర్నీ కాట్జ్, బిల్ కంకెల్ అనే ఇద్దరు ‘ఆర్కేడ్ యాలీ’ పేరుతో ఒక శీర్షిక మొదలుపెట్టారు. 1981లో ఆ ఇద్దరూ జాయిస్ వోర్లీతో కలిసి ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’ అని ఏకంగా గేముల కోసమే ఒక పత్రిక తెచ్చారు. కొనేవాడికి ముందే చెప్పాలె, పైసలు వృథా కాకుండా చూడాలె అన్నదే ఈ పని మొదటి రూపం.

ఎందుకు అవసరమైందో చూడాలంటే 1982 చాలు. అటారీ ఆ ఏడాది క్రిస్మస్ అమ్మకాల కోసం ‘ఈ.టీ.’ సినిమా పేరు మీద ఒక గేము తెచ్చింది. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్‌కు దాన్ని తయారు చేయడానికి దొరికింది సుమారు 5 వారాలు. లక్షలకు లక్షల కాపీలు చేశారు, అమ్ముడుపోక మిగిలిపోయాయి. మరుసటి ఏడాది న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమగార్డో ఊరి చెత్త గుంతలో అటారీ తన సరుకు పూడ్చిపెట్టింది. 2014లో తవ్వి చూస్తే ఆ కాట్రిడ్జులు నిజంగానే బయటపడ్డాయి. ఈ ఒక్క గేము వల్లే కాదుగానీ, ఇట్లాంటి నాసిరకం సరుకు కుప్పలు పడటంతో 1983 నుంచి అమెరికాలో గేముల వ్యాపారమే కూలిపోయింది.

అదే 1982లో ఇంకో గేము వచ్చింది, దాని గురించి చెప్పకుండా దాటలేం. ‘కస్టర్స్ రివెంజ్’ దాని పేరు. అమెరికా ఆదివాసుల మీద యుద్ధాలు చేసిన సైనికాధికారి కస్టర్ అందులో హీరో. బాణాలు తప్పించుకుంటూ పోయి, కట్టేసి ఉన్న ఒక ఆదివాసీ స్త్రీపై అత్యాచారం చేయడమే ఆ గేములో ‘గెలుపు’. అవును, పాయింట్లు దానికే. ఆదివాసీ సంఘాలు, మహిళా సంఘాలు రోడ్డెక్కి నిరసన చేశాయి. ఆ పోరాటం వల్లే ఆ గేము పేరు పరువు తక్కువగా చరిత్రలో మిగిలింది. ఇక్కడ మేము గమనించమంటున్నది ఒకటే. అప్పటి నుంచి పెరుగుతూ వచ్చిన రివ్యూ పద్ధతిలో బొమ్మలకు ఒక గడి, శబ్దానికి ఒక గడి, ఆడటానికి ఎట్లుంది అన్నదానికి ఒక గడి, పెట్టిన పైసలకు తగ్గ విలువ ఉందా అన్నదానికి ఒక గడి ఏర్పడ్డాయి. గేములో మనుషుల్ని ఎట్లా చూపించారు అన్నదానికి గడి లేదు.

ఇప్పుడు ఇంగ్లండుకు పోదాం, ఎందుకంటే అక్కడి కథ మాకు చాలా నచ్చింది. 1980లలో అక్కడ గేములు పెట్టెల మీద కాదు, ‘స్పెక్ట్రమ్’ లాంటి చిన్న కంప్యూటర్ల మీద ఆడేవాళ్లు. మన నాన్నలు పాటలు విన్న టేపు క్యాసెట్లే, వాటిలో గేములు వచ్చేవి. వేల్స్ సరిహద్దు దగ్గర లడ్లో అని ఒక చిన్న పట్నం ఉంది. అక్కడి నుంచి 1984లో ‘క్రాష్’ అనే నెలవారీ పత్రిక మొదలైంది. రోజర్ కీన్, ఆలివర్ ఫ్రే, ఫ్రాంకో ఫ్రే అనే ముగ్గురు పెట్టిన న్యూస్‌ఫీల్డ్ సంస్థది. రివ్యూలు ఎవరు రాయాలె అన్న ప్రశ్న వచ్చినప్పుడు వాళ్లు లండన్ నుంచి పేరున్న జర్నలిస్టుల్ని పిలిపించలేదు. ఆ ఊరి బడి పిల్లల్ని పిలిచారు. పిల్లలు బడి అయ్యాక వచ్చి ఆడేవాళ్లు, ఏమనిపించిందో చెప్పేవాళ్లు. ఒక్కో గేముకు ఒకరు కాదు, సాధారణంగా ముగ్గురి అభిప్రాయాలు అచ్చయ్యేవి. ఒకడికి నచ్చింది ఇంకొకడికి నచ్చకపోతే అదీ పేజీలో కనిపించేది. కింద శాతాల్లో మార్కులు: బొమ్మలు ఇంత, ఆడుకోవడానికి ఇంత, వదలబుద్ధి కాకపోవడానికి ఇంత, పైసలకు విలువ ఇంత, మొత్తం ఇంత. 90 శాతం దాటితే ‘క్రాష్ స్మాష్’ అని ముద్ర.

చూడండి, ఇక్కడ మార్కు వేసేవాడు, క్యాసెట్ కొనేవాడు ఒకే వయసు, ఒకే రకం జేబు ఉన్నోళ్లు. వారానికి ఇంట్లో ఇచ్చే చిల్లర దాచుకుని క్యాసెట్ కొనే పిల్లగాడికి ఇంకో పిల్లగాడే చెప్తున్నాడు, ఇది కొను, అది వద్దు అని. లెక్క పక్కాగా ఉందని మేము అనడం లేదు. 91కీ 92కీ తేడా ఏందో ఆ పిల్లలకూ తెలిసి ఉండదు. కానీ ఆ మార్కు ఎవరి వైపు నిలబడిందో మాత్రం స్పష్టంగా కనిపిస్తది.

జపాన్‌లో ఇంకో పద్ధతి వచ్చింది. 1986లో మొదలైన ‘ఫామిత్సు’ పత్రికలో ఒక్కో గేముకు నలుగురు కూర్చుంటరు, ఒక్కొక్కరు 10కి మార్కులు వేస్తరు, మొత్తం 40. దీన్ని క్రాస్ రివ్యూ అన్నారు. చాలా ఏళ్లు ఎవరికీ 40కి 40 రాలేదు. 1998లో ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఆకరీనా ఆఫ్ టైమ్’ అనే గేముకు మొదటిసారి వచ్చింది. పన్నెండేళ్లలో ఒక్కటి. ఆ తర్వాత అట్లాంటివి పెరుగుతూ పోయాయి. గేములే అంత గొప్పగా అయినయా, చేతులే వదులయినయా అన్నది జపాన్ ఆటగాళ్లు ఇప్పటికీ వాదించుకునే సంగతి.

మార్కుల స్కేలు గురించి రెండు మాటలు. 10కి 5 అంటే సగం, అంటే మధ్యస్థం అనుకుంటాం కదా. గేము రివ్యూల్లో అట్లా ఉండదు. అక్కడ 7 అంటే ‘ఫర్వాలేదు’, 6 అంటే ‘కొనకపోయినా నష్టం లేదు’, 5 అంటే చెత్త కింద లెక్క. 1 నుంచి 5 దాకా ఉన్న మార్కులు దాదాపు వాడకంలోనే లేవు. అమెరికా బడుల్లో 70 కంటే తక్కువ వస్తే పరువు తక్కువ కాబట్టి ఇట్లా వచ్చిందని కొందరంటరు. 1993లో ఇంగ్లండులో మొదలైన ‘ఎడ్జ్’ పత్రిక ఈ అలవాటుకు ఎదురు నిలబడాలని చూసింది. 5 అంటే నిజంగా మధ్యస్థమే అని పట్టుబట్టింది. ప్రపంచమంతా ఊగిపోయిన ‘డూమ్’ గేముకు వాళ్లు వేసింది 7. ముప్పై ఏళ్లయినా ఆ 7 మీద తిట్లు ఆగలేదు. మనవాళ్లలో కూడా ఉంటరు కదా, పేపరు గట్టిగా దిద్దే సారు, ఆయన దగ్గర 60 వస్తే వేరే వాళ్ల దగ్గర 80 వచ్చినట్టు. ఎడ్జ్ అట్లాంటి సారు. అయితే అన్ని పేపర్లనూ ఒకే కుప్పలో పోసి సగటు తీస్తే ఏమైతదో చూడండి. అదే తర్వాత జరిగింది.

దానికి ముందు పైసల సంగతి. గేము పత్రిక గానీ, వెబ్‌సైటు గానీ ఎవరి పైసలతో నడుస్తది? పాఠకుడు ఇచ్చే ధర కొంత, ఎక్కువ భాగం ప్రకటనలు. ఆ ప్రకటనలు ఇచ్చేదెవరు? గేము కంపెనీలే. రివ్యూ కోసం గేమును విడుదలకు ముందే పంపేదీ వాళ్లే, ఫలానా తేదీ దాకా రాయొద్దు అని షరతు పెట్టేదీ వాళ్లే. అంటే పరీక్ష రాసేవాడే పేపరు దిద్దేవాడికి జీతం ఇస్తున్నట్టు. చాలామంది రచయితలు దీనిలోనే నిజాయితీగా పనిచేశారు, అది మరవొద్దు. కానీ తాడు ఎవరి చేతిలో ఉందో 2007లో అందరికీ తెలిసింది.

‘గేమ్‌స్పాట్’ అనే పెద్ద వెబ్‌సైటులో జెఫ్ గెర్స్ట్‌మన్ పదేళ్లకు పైగా పనిచేసిన సీనియర్. ఆ నవంబరులో ‘కేన్ అండ్ లించ్’ అనే గేముకు ఆయన 10కి 6 వేశాడు. సరిగ్గా అప్పుడే ఆ గేము కంపెనీ ఐడాస్ ప్రకటనలతో ఆ వెబ్‌సైటు మొదటి పేజీ నిండిపోయి ఉంది. నెలాఖరుకు గెర్స్ట్‌మన్ ఉద్యోగం పోయింది. దీనికీ ప్రకటనలకూ సంబంధం లేదని యాజమాన్యం అప్పట్లో చెప్పింది. ఆయన మాట్లాడటానికి ఒప్పందం అడ్డం. తోటివాళ్లు కొందరు కూడా ఆ తర్వాత అక్కడ ఉద్యోగాలు వదిలేశారు. 2012లో ఆ అడ్డు తొలగిపోయాక ఆయనే చెప్పాడు, ప్రకటనలిచ్చే కంపెనీల ఒత్తిడికి యాజమాన్యం తట్టుకోలేకపోయిందని. 6 అంటే ఆ సైటు లెక్కలో ‘ఫర్వాలేదు’ అనే అర్థం. ఘోరం అని కూడా అనలేదు.

ఇక అసలు మలుపు. 2001లో ‘మెటాక్రిటిక్’ అనే వెబ్‌సైటు మొదలైంది. మార్క్ డోయల్, ఆయన అక్కాచెల్లెళ్లలో ఒకరైన జూలీ, స్నేహితుడు జేసన్ డీట్జ్ పెట్టింది. ఆలోచన మంచిదే: ఒక్కరి మాట నమ్మే బదులు అందరి మార్కులూ తెచ్చి 100కి మార్చి సగటు చూపిస్తే కొనేవాడికి సులువు. కానీ ఇందులో మూడు మెలికలు ఉన్నాయి. ఒకటి, ఇది మామూలు సగటు కాదు. కొన్ని పత్రికలకు ఎక్కువ బరువు, కొన్నింటికి తక్కువ. ఏ పత్రికకు ఎంత అన్నది బయటపెట్టరు. రెండోది, ఒకరు అక్షరాల్లో గ్రేడు ఇస్తే దాన్నీ అంకెగా మార్చేస్తరు. ‘బి మైనస్’ ఇచ్చినోడు బాగానే ఉంది అనుకుని ఇస్తడు, అక్కడ అది 67 అయిపోతది. మూడోది మాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించింది. సినిమాకు 61 వస్తే పచ్చ రంగు, అంటే మంచిది. గేముకు మాత్రం 75 వస్తేనే పచ్చ రంగు. అదే సైటు, అదే 100. పైన చెప్పిన ‘7 అంటే ఫర్వాలేదు’ అనే అలవాటును వాళ్లు ఏకంగా నియమంగా మార్చేశారు.

ఇంకోటి, ఒక పత్రిక మొదట ఇచ్చిన మార్కే లెక్క. తర్వాత గేము బాగుపడి, పత్రిక తన మార్కు మార్చుకున్నా అక్కడ మారదు. మనకు కనీసం రీవాల్యుయేషన్‌కు ఫీజు కట్టుకునే అవకాశమన్నా ఉంది.

ఈ సగటు అంకె కొనేవాళ్ల కంటే ముందు కంపెనీల పెద్దల కంట పడింది. వాళ్లకు గేము ఆడే తీరిక ఉండదు, ఆడినా అర్థం కాదు, ఒక అంకె కావాలె. 2004లో వార్నర్ బ్రదర్స్ ప్రకటించింది: మా సినిమాల పేర్లు వాడుకుని గేములు చేసే కంపెనీలు సగటు 70 కంటే తక్కువ తెచ్చుకుంటే మాకు రాయల్టీ ఎక్కువ కట్టాలె అని. పాఠకుడి కోసం పుట్టిన మార్కు ఆ రోజుతో ఒప్పంద పత్రంలోకి ఎక్కింది.

ఇప్పుడు ఆ 84 దగ్గరికి వద్దాం. ‘న్యూ వేగాస్’ గేము పేరు, హక్కులు బెథెస్డా అనే పెద్ద కంపెనీవి. ఆబ్సిడియన్ కూలికి చేసిన కంపెనీ. సుమారు 18 నెలల్లో అంత పెద్ద గేము కట్టారు. పని చేసినందుకు ఒక మొత్తం ఇస్తరు, అమ్మకాల్లో వాటా ఉండదు. సగటు 85 వస్తే మాత్రం బోనస్. ఈ సంగతి 2012 మార్చిలో ఆ కంపెనీ పెద్దల్లో ఒకరైన క్రిస్ అవెలోన్ తనే బయటపెట్టాడు. అదే నెలలో ఆబ్సిడియన్‌లో వేరే ప్రాజెక్టు రద్దయి కొంతమంది ఉద్యోగాలు పోయాయి. బోనస్ వచ్చి ఉంటే అవి నిలిచేవా అన్నది ఎవరూ చెప్పలేరు, మేమూ అనము. కానీ ఆలోచించండి. రివ్యూ రాసిన పదుల మందిలో ఎవరో ఒకరిద్దరు తమ టేబుల్ దగ్గర కూర్చుని ‘8 వేద్దామా, 8.5 వేద్దామా’ అని ఊగి ఉంటరు. ఆ ఊగులాట వెనక ఎవరి జీతం ఉందో వాళ్లకు తెలియదు. గేము విడుదలైనప్పుడు తప్పులు చాలానే ఉండేవి, సేవ్ చేసింది పోవడం, మధ్యలో ఆగిపోవడం. వాటికి మార్కులు కోయడం న్యాయమే. తర్వాత ఆ తప్పులు చాలావరకు సరిచేశారు. ఇవాళ ఆ సిరీస్‌లో అన్నిటికంటే మంచిది ఇదే అనే ఆటగాళ్లు లెక్కలేనంతమంది. 84 మాత్రం 84 గానే ఉంది.

అలాస్కా కథ ఇక్కడ వస్తది.

అలాస్కాలోని యాంకరేజ్ పట్నంలో కుక్ ఇన్లెట్ ట్రైబల్ కౌన్సిల్ అని ఆదివాసుల సంస్థ ఉంది. చదువు, ఉపాధి, కుటుంబాల బాగోగులు చూస్తది. వాళ్లకూ మనలాంటి చిక్కే, నడిచేదంతా ఎక్కువగా ప్రభుత్వ నిధుల మీద. నిధులు ఆగితే పని ఆగుద్ది. సొంత ఆదాయం కావాలె, పిల్లలకు తమ కథలు చేరాలె, రెండూ ఒకే దెబ్బకు జరగాలె అని ఆలోచించి, గ్లోరియా ఓ’నీల్ నాయకత్వంలో వాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు: గేము కంపెనీ పెడదాం అని. దాని పేరు ‘అప్పర్ వన్ గేమ్స్’. ఈ-లైన్ మీడియా అనే గేము సంస్థతో చేతులు కలిపారు. 2014 నవంబరులో ‘నెవర్ అలోన్’ వచ్చింది. ఇన్యుపియాక్ భాషలో దాని పేరు ‘కిసిమా ఇంగిట్చుంగా’, ఒంటరిని కాను అని అర్థం.

కథ వాళ్ల పెద్దలు చెప్పుకునేదే. ఆగని మంచు తుఫాను ఎక్కడి నుంచి వస్తుందో వెతుక్కుంటూ పోయే ప్రయాణం. ఈ కథను రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లాండ్ అనే పేరున్న కథకుడు చెప్పగా నమోదు చేసి ఉంచారు. గేము చేసేవాళ్లు ఆ నమోదు దొరికింది కదా అని వాడేసుకోలేదు. ఆయన కూతురు మిన్నీ గ్రే దగ్గరికి పోయి అనుమతి తీసుకున్నారు. గేములో మాత్రం నునా అనే అమ్మాయి, ఆమెకు తోడుగా ఒక తెల్ల నక్క ఉంటరు. ఒకరు అమ్మాయిని, ఒకరు నక్కను ఆడించొచ్చు. కథ చెప్పే గొంతు మొత్తం ఇన్యుపియాక్ భాషలోనే, ఇంగ్లీషు కింద అక్షరాల్లో. సుమారు 40 మంది పెద్దలు, కథకులు, సమాజం వాళ్లు ఈ పనిలో పాలు పంచుకున్నారు. ఆడుతూ పోతుంటే 24 చిన్న వీడియోలు తెరుచుకుంటాయి, వాటిలో ఆ పెద్దలే వేట గురించి, మంచు గురించి, పంచుకుని తినడం గురించి మాట్లాడతరు.

మరి మార్కులు? సగటు 70 చుట్టుపక్కల. పసుపు రంగు. అంటే ‘అంతంతమాత్రం’ గడి.

విమర్శకులు ఏమన్నారో మేము వెతికి చదివాం. బొమ్మలు అద్భుతం, వీడియోలు మనసుకు తగిలాయి అని దాదాపు అందరూ రాశారు. మార్కు తగ్గించింది వేరే చోట: దూకడం సరిగా పడదు, ఒక్కరే ఆడితే తోడు పాత్ర అడ్డదిడ్డంగా పోయి చచ్చిపోతది, కొన్ని గంటల్లోనే అయిపోతది. ఇవన్నీ నిజమే. ఆదివాసుల గేము కాబట్టి తక్కువ వేశారని మేము అనడం లేదు, అట్లా అంటే అబద్ధమైతది. వాళ్లు కొనేవాడి తరఫున లెక్క చూశారు, ఆ లెక్కలో వచ్చింది అంతే. మా బాధ గడుల గురించి. ఒక భాష మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్న కాలంలో ఆ భాష గేములో మొదటి నుంచి చివరి దాకా వినిపించడానికి ఏ గడిలో మార్కు వేయాలె? పెద్దమనిషి కూతురిని అడిగి కథ తీసుకున్నందుకు ఎన్ని మార్కులు? గేము అమ్మితే వచ్చే పైసలు ఆ జాతి పిల్లల చదువుకు పోవడం ‘పైసలకు విలువ’ కిందికి వస్తదా? ఆ గడులు లేవు. కస్టర్ గేముకు లేని గడే ఇక్కడా లేదు. అక్కడ లేకపోవడం వాళ్లను కాపాడింది, ఇక్కడ లేకపోవడం వీళ్లకు తగ్గించింది.

గ్రూప్స్‌కు చదివే మిత్రులకు 1965 లోకూర్ కమిటీ గుర్తుండే ఉంటది. తెగ అంటే ఎవరు అని తేల్చడానికి ఐదు గడులు పెట్టారు: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, వేరుగా మూలన ఉండటం, బయటివాళ్లతో కలవడానికి జంకు, వెనుకబాటుతనం. ప్రత్యేక సంస్కృతి ఒక్కటి తప్ప మిగతా నాలుగూ కింది చూపే. మన కొలాం, చెంచు, కొండరెడ్డి మిత్రుల పేరు పక్కన ‘ప్రిమిటివ్’ అనే మాట 2006 దాకా అధికారికంగానే నడిచింది. మార్కు వేసే చెయ్యి కంటే ముందు గడి గీసిన చెయ్యి ఎవరిది అని చూసే అలవాటు మనకు ఇక్కడి నుంచే వచ్చింది.

‘నెవర్ అలోన్’ పసుపు గడిలో ఆగిపోలేదు. 2015లో బ్రిటన్ బాఫ్టా వాళ్లు కొత్త కంపెనీ మొదటి గేముకు ఇచ్చే అవార్డు దానికే ఇచ్చారు. అదే ఏడాది దానికి కొనసాగింపుగా ‘ఫాక్స్‌టేల్స్’ భాగం కూడా వచ్చింది. అవార్డు జ్యూరీలో ఉన్నోళ్లు కూర్చుని మాట్లాడుకుని తేల్చారు, సగటు తీసి కాదు. అందుకే రెండు ఫలితాలు వేరయ్యాయని మా అభిప్రాయం.

ఆ తర్వాతి కథ తొందరగా చెప్తాం. 2015లో ఇంగ్లండుకు చెందిన ‘యూరోగేమర్’ 10కి మార్కులు వేయడం ఆపేసింది. గేము విడుదలయ్యాక కూడా ఇంటర్నెట్టులో మారుతూనే ఉంటది, ఒక రోజు వేసిన అంకె ఎన్నాళ్లు నిలబడతది అని వాళ్ల వాదన. మార్కుకు బదులు ‘తప్పక ఆడండి’, ‘ఆడొచ్చు’, ‘వద్దు’ లాంటి మాటలు పెట్టింది. 2023లో మళ్లీ నక్షత్రాలకు తిరిగొచ్చింది. అంకె లేని రివ్యూ బతకడం అంత కష్టం.

2020 డిసెంబరులో పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ ‘సైబర్‌పంక్ 2077’ తెచ్చింది. విడుదలకు ముందు రివ్యూల కోసం ఇచ్చింది ఖరీదైన కంప్యూటర్ల మీద నడిచే రూపం మాత్రమే. మార్కులు 90 దగ్గర పడ్డాయి. పాత ప్లేస్టేషన్ 4 మీద కొన్నోళ్లు పెట్టి చూస్తే మనుషుల ముఖాలు కరిగిపోతున్నాయి, గేము ఆగిపోతున్నది. వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచే దాన్ని తీసేసింది. ఆ కంపెనీ ఉద్యోగుల బోనస్ కూడా 90 సగటుతో ముడిపెట్టి ఉండేదని, గొడవయ్యాక ఆ షరతు ఎత్తేశారని అప్పట్లో వార్త వచ్చింది. న్యూ వేగాస్ జరిగిన పదేళ్లకు కూడా అదే పద్ధతి నడుస్తున్నదన్నమాట.

విమర్శకుల్ని పక్కనబెట్టి ఆడేవాళ్లే మార్కులు వేస్తే బాగుంటది కదా అనిపిస్తది. అదీ చూశాం. అదే 2020 జూన్‌లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ 2’ విడుదలైన కొన్ని గంటల్లోనే వేలమంది మెటాక్రిటిక్‌లో సున్నాలు వేశారు. దాన్ని ఆడి పూర్తి చేయడానికే 20 గంటలు పైన పడుతది. కథలో ఏం జరుగుతదో ముందే బయటికి పొక్కి, దాని మీద కోపంతో గుంపుగా వచ్చి పడ్డారు. ఆ తర్వాత విడుదలైన 36 గంటల దాకా మామూలు జనం మార్కు వేయకుండా ఆ సైటు నియమం పెట్టింది.

మనోళ్లు ఎక్కువగా ఆడేది ఇవేవీ కావు, ఫోన్లో ఫ్రీ ఫైర్, బీజీఎంఐ లాంటివి. వాటికి కూర్చుని రివ్యూ రాసేవాళ్లు తక్కువ, ప్లే స్టోరులో నక్షత్రాలే ఆధారం. అవి ఎవరివి అని ఒకరిద్దరు మిత్రులు అడిగారు కాబట్టి చెప్తున్నాం. 2021 నవంబరు నుంచి గూగుల్ ఆ నక్షత్రాల్ని దేశాల వారీగా చూపిస్తున్నది. అంటే మన ఫోన్లో కనిపించే 4.2 ఇండియాలో వాడుతున్నోళ్లు వేసింది, అదే గేముకు జపాన్‌లో వేరే అంకె కనిపిస్తది. పాత నక్షత్రాల కంటే కొత్తగా పడ్డవాటికే బరువు ఎక్కువ. ఇంకోటి గమనించండి. గేములు ‘మాకు రేటింగ్ ఇవ్వండి’ అని ఎక్కువగా అడిగేది మనం ఓడిపోయి చిరాకుగా ఉన్నప్పుడు కాదు, ఒక లెవల్ గెలిచిన వెంటనే.